లాసెట్ ర్యాంకు వచ్చింది, వెబ్ ఆప్షన్లలో ఏ లా కాలేజీని ముందు పెట్టాలి?

తొలకరి_చినుకు

బీకాం ఈ ఏడాదే పూర్తయింది. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ కోసం ఆంధ్రప్రదేశ్ లా ప్రవేశ పరీక్ష లాసెట్ రాస్తే, గొప్పది కాకపోయినా సీటు తెచ్చిపెట్టగల ర్యాంకు వచ్చింది. మరో వారంలో వెబ్ ఆప్షన్లు, అంటే కోరుకున్న కళాశాలల వరుస, ఆన్‌లైన్‌లో పెట్టాలి. మా ఇంట్లో గానీ, దగ్గరి చుట్టాల్లో గానీ నల్లకోటు వేసినవారు ఎవరూ లేరు. పొలం గట్టు తగాదాలో మా నాన్నగారు తొమ్మిదేళ్లు కోర్టు చుట్టూ తిరిగారు. వాయిదాకు వెళ్లి వచ్చిన ప్రతిసారీ ‘ఈ రోజు ఏమైంది నాన్నా’ అని అడిగితే ఆయన చెప్పలేకపోయేవారు, ఎందుకంటే ఆయనకు ఎవరూ చెప్పలేదు. కక్షిదారుకు తన కేసు సంగతి తనకు అర్థమయ్యేలా చెప్పే వకీలును కావాలన్నది నా కోరిక. మా జిల్లా కోర్టులోనే ప్రాక్టీసు చేయాలనుకుంటున్నాను.

నా ముందు మూడు కళాశాలలు ఉన్నాయి. ఒకటి, ఇంటికి 140 కి.మీ. దూరంలో ఉన్న విశ్వవిద్యాలయ కళాశాల. అక్కడ హాస్టలు దొరుకుతుందన్న నమ్మకం లేదు. రెండోది, జిల్లా కేంద్రంలో కోర్టుకు నడిచి వెళ్లగలిగినంత దగ్గరున్న ప్రైవేటు కళాశాల. మూడోది, మా ఊరి నుంచి అరగంట బస్సు ప్రయాణంలో ఉన్న మరో ప్రైవేటు కళాశాల. ఈ మూడో చోటికి ఫోన్ చేసి తరగతులు ఎన్ని గంటలకని అడిగితే, ‘మీరు రానక్కర్లేదమ్మా, పరీక్షలప్పుడు వస్తే చాలు, హాజరు సంగతి మేం చూసుకుంటాం’ అన్నారు. ఆ మాటను ఫోన్ ఎత్తినాయన ఒక సౌకర్యంగా చెప్పారు. నేను మాత్రం ఫోన్ పెట్టేసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. అసలు కళాశాలను ఎంచుకునేటప్పుడు ఏమేమి చూడాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

నల్లకోటు_2009

మూడో కళాశాలను జాబితాలోంచి తీసేయండి. ఇది ఊరికే ఇస్తున్న సలహా కాదు, నేను అలాంటి చోటే చదివాను. మూడేళ్లలో కళాశాలకు నలభై రోజులు కూడా వెళ్లలేదు. గైడు పుస్తకాలు చదివి అన్ని పేపర్లూ గట్టెక్కాను, న్యాయవాదిగా ఎన్‌రోల్ (నమోదు) అయ్యాను, ఒక పెద్దాయన దగ్గర జూనియర్‌గా చేరాను. చేరిన నాలుగో రోజు ఆయన నా చేతికి ఒక దావా కట్ట ఇచ్చి, ఫైల్ చేసి రమ్మన్నారు. దస్తావేజుల జాబితా జతచేయలేదని, వెరిఫికేషన్ కింద తేదీ లేదని, వకాల్తా మీద స్టాంపు అతికించలేదని ఆ దావా మూడుసార్లు రిటర్న్ అయింది. మూడోసారి గుమాస్తా గారు అందరి ముందూ ‘మీ కాలేజీలో దావా ఎలా ఉంటుందో ఒక్కసారైనా చూపించలేదా బాబూ’ అని అడిగారు. నిజంగానే చూపించలేదు. దావా రాయడం మా సిలబస్‌లో ఉన్న పేపరే. అందులో నాకు 72 మార్కులు వచ్చాయి.

ఆ లోటు పూడ్చుకోవడానికి మరో నాలుగేళ్లు పట్టింది. జూనియర్‌గా ఉన్న ఆ కాలంలో చేతికి వచ్చేది బస్సు ఛార్జీలకే సరిపోయేది. కళాశాలలో నేర్చుకోనిది కోర్టులో నేర్చుకోవచ్చులే అని చాలామంది చెబుతారు. నేర్చుకోవచ్చు, కానీ అప్పుడు నేర్చుకునేది ఒక కక్షిదారు కేసు మీద.

సాయంత్రం_బస్సు

పై మాటలను గౌరవిస్తూనే నా పక్షం చెప్పాలి. నాకు 46 ఏళ్లు, ప్రైవేటు సంస్థలో లెక్కలు చూస్తాను, ఇద్దరు పిల్లలు. లాసెట్‌కు గరిష్ఠ వయోపరిమితి లేకపోవడం వల్లనే ఈ వయసులో లా చదవగలుగుతున్నాను. రోజూ తరగతికి రమ్మంటే నాలాంటివారు ఈ చదువు ఊసే ఎత్తలేరు. హాజరు గురించి పట్టుబట్టని కళాశాలలు ఉండబట్టే ఎందరో ఉద్యోగులు పట్టా పుచ్చుకుంటున్నారు. రాత్రి పదింటి నుంచి పన్నెండు దాకా నేను చదివిన చదువు, తరగతిలో వెనక బెంచీ మీద ఫోన్ చూసుకుంటూ కూర్చున్నవాడి చదువు కన్నా తక్కువదని ఎవరైనా అంటే ఒప్పుకోను.

బేర్‌యాక్ట్

చదువు తక్కువదని ఎవరూ అనడం లేదు. కానీ నియమం ఏమిటో ప్రశ్న అడిగిన అమ్మాయికి తెలియాలి. న్యాయవాదుల వృత్తిని నియంత్రించే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో చేసిన న్యాయవిద్యా నియమాల ప్రకారం ప్రతి సబ్జెక్టులోనూ 70 శాతం హాజరు ఉండాలి. సరైన కారణం ఉన్న అరుదైన సందర్భాల్లో మాత్రమే 65 శాతం దాకా సడలింపు ఇవ్వవచ్చు. తరగతులు ఉదయం 8 గంటల లోపు మొదలుకాకూడదు, రాత్రి 7 దాటి జరగకూడదు. దూరవిద్య ద్వారా తెచ్చుకున్న ఎల్‌ఎల్‌బీతో న్యాయవాదిగా నమోదు కాలేరు. అంటే ‘రానక్కర్లేదు’ అన్న కళాశాల, మీరు రాని రోజున వచ్చినట్టు రాస్తుందన్న మాట. మూడేళ్ల తరవాత ఆ రిజిస్టరు గురించి ఎవరైనా అడిగితే కళాశాల మీ పక్కన నిలబడుతుందని అనుకోకండి.

ఇంకొకటి. ఆప్షన్ పెట్టే ముందు ఆ కళాశాలకు బార్ కౌన్సిల్ ఆమోదం ఉందా, ఉంటే ఏ విద్యా సంవత్సరం వరకు ఉంది, ఎన్ని సెక్షన్లకు ఉంది అన్నవి చూసుకోండి. కార్యాలయంలో అద్దం చట్రంలో వేలాడే పాత పత్రాన్ని చూసి సంతృప్తి పడవద్దు. బార్ కౌన్సిల్ వెబ్‌సైటులో ఉన్న జాబితాను చూడండి, కళాశాలను తాజా ఉత్తర్వు ప్రతి చూపించమని అడగండి.

కొబ్బరాకు

ఇంతకంటే ముందు చూడాల్సింది మన సొంత అర్హత. నా స్నేహితుడు ఇంటర్ చదవకుండా, ప్రవేశ పరీక్ష రాసి నేరుగా సార్వత్రిక విశ్వవిద్యాలయంలో డిగ్రీ చేశాడు. అలా మునుపటి మెట్టు లేకుండా నేరుగా వచ్చిన డిగ్రీతో లా చేయడం కుదరదని నియమాల్లోనే ఉంది. అతనికి కళాశాల సీటు ఇచ్చింది, రుసుములన్నీ కట్టించుకుంది, ఎన్‌రోల్‌మెంట్ దగ్గర ఆగిపోయింది. పది, ఇంటర్, డిగ్రీ వరుసగా చదివి, డిగ్రీలో 45 శాతం (ఓబీసీలకు 42, ఎస్సీ ఎస్టీలకు 40) ఉన్నవారికి ఈ బెంగ లేదు.

సబ్బవరం_సీనియర్

నేను జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో చదివాను కాబట్టి ఇంకో దారి కూడా చెబుతాను. తొందరపడి ఈ మూడింటిలోనే ఒకటి ఎంచుకోవాలని ఏముంది? ఇంటర్ తరవాతి ఐదేళ్ల కోర్సుకు జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష క్లాట్ రాస్తారని అందరికీ తెలుసు. డిగ్రీ అయినవారికి కూడా మంచి చోట్లు ఉన్నాయి. బెంగళూరులోని నేషనల్ లా స్కూల్ 2022 నుంచి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ నడుపుతోంది. దానికి ఎన్‌ఎల్‌శాట్ అని వేరే పరీక్ష, అందులో వివరంగా రాసే భాగం కూడా ఉంటుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలోనూ, బనారస్‌లోనూ మూడేళ్ల కోర్సుకు సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష ద్వారా తీసుకుంటారు. ఒక సంవత్సరం సిద్ధమై రాయడం తప్పేమీ కాదు.

తోటి విద్యార్థుల విలువ ఏమిటో నాకు అక్కడికి వెళ్లాకే తెలిసింది. మూట్ కోర్టు (ఊహించిన కేసు మీద విద్యార్థులు కోర్టులోలా వాదించడం) పోటీకి ముందు రాత్రి మూడింటి దాకా గ్రంథాలయంలో కూర్చుని, మా వాదనను మా జట్టువాళ్లే ముక్కలు ముక్కలు చేసి మళ్లీ కట్టించేవారు. నా మొదటి మెమోరియల్‌ను, అంటే ఆ పోటీకి రాసిన వాదన పత్రాన్ని, ఒక సీనియర్ పదకొండుసార్లు వెనక్కి ఇచ్చారు. ఆ అలవాటు ఏ గైడు పుస్తకమూ నేర్పదు.

నల్లకోటు_2009

సబ్బవరం గారు చెప్పినది నూటికి నూరుపాళ్లు నిజం, కానీ అది ఆ అమ్మాయి వెళ్లదలచుకున్న చోటికి చేర్చే దారి కాదేమో చూడండి. ఆమెకు కావలసింది జిల్లా కోర్టు. మా బార్‌లో పెద్ద విశ్వవిద్యాలయాల నుంచి వచ్చినవారు ఇద్దరే ఉన్నారు. మిగిలినవారంతా కార్పొరేట్ సంస్థలకో, హైకోర్టుకో, ఢిల్లీకో వెళ్లిపోతారు. అది వారి తప్పు కాదు. చుట్టూ అందరూ ఒకే వైపు నడుస్తుంటే, పైగా చదువు అప్పు నెత్తిన ఉంటే, మున్సిఫ్ కోర్టు వైపు ఒంటరిగా తిరిగి రావడం ఎంత కష్టమో ఊహించవచ్చు.

సబ్బవరం_సీనియర్

అంగీకరిస్తాను. కానీ ఇరవై రెండేళ్ల వయసులో అనుకున్నది ముప్పైలో కూడా అలాగే ఉంటుందన్న హామీ ఎవరికీ లేదు. మంచి పేరున్న చోట చదివితే ఆమె మనసు మార్చుకున్నా దారి ఉంటుంది. జిల్లాలో పేరులేని కళాశాల పట్టాతో తరవాత బయటికి వెళ్లాలంటే ప్రతి గుమ్మం దగ్గరా రెట్టింపు రుజువు చూపించాల్సి వస్తుంది. ఇది అన్యాయమే, కానీ ఉన్నదే.

అడంగల్_పహాణీ

ర్యాంకులు చూసి ఎంచుకోవచ్చు కదా? కేంద్ర ప్రభుత్వం విద్యాసంస్థల ర్యాంకుల జాబితా ఎన్‌ఐఆర్‌ఎఫ్‌లో లా కాలేజీలకు కూడా ర్యాంకులు ఇస్తోంది.

సుద్దముక్క

న్యాయ కళాశాలలో పద్నాలుగేళ్లుగా పాఠం చెబుతున్నాను కాబట్టి దీనికి కాస్త వివరంగా జవాబిస్తాను. ఎన్‌ఐఆర్‌ఎఫ్‌లో న్యాయ విభాగం 2018లో మొదలైంది. దాని కొలమానాల్లో పరిశోధన, ప్రచురణలు, బయటివారి అభిప్రాయం కూడా ఉంటాయి. దేశం మొత్తం మీద కొద్ది సంస్థలకే అందులో స్థానం దొరుకుతుంది. మన ప్రశ్నలో ఉన్న రెండు ప్రైవేటు కళాశాలల మధ్య తేడా ఆ జాబితాలో కనిపించదు. అది తెలియాలంటే వెళ్లి చూడాల్సిందే.

వెళ్లినప్పుడు భవనం చూడవద్దు, మూట్ కోర్టు హాల్లోని కొత్త కుర్చీలు చూడవద్దు. ఒకే ఒక వస్తువు అడగండి: కిందటేడు చివరి సంవత్సరం విద్యార్థుల మూట్ కోర్టు రికార్డు పుస్తకాలు. ప్రతి లా కోర్సులోనూ నాలుగు ప్రాయోగిక పేపర్లు తప్పనిసరి. దావాలు, దస్తావేజులు రాయడం ఒకటి, వృత్తి నైతికత ఒకటి, ప్రత్యామ్నాయ వివాద పరిష్కారం (కోర్టు బయట తగాదా తీర్చడం) ఒకటి, మూట్ కోర్టు, ఇంటర్న్‌షిప్ కలిపి ఒకటి. ఈ ఆఖరి పేపరు కోసం విద్యార్థి రెండు విచారణలకు, అంటే ఒక సివిల్ కేసుకు, ఒక క్రిమినల్ కేసుకు, కోర్టులో కూర్చుని చూసినది రోజువారీగా రాయాలి. ఆ పుస్తకాలు తిరగేయండి. పదిమంది పుస్తకాల్లో ఒకే కేసు నంబరు, ఒకే తేదీ, ఒకే వాక్యాలు ఉంటే, ఆ కళాశాల విద్యార్థులు కోర్టుకు వెళ్లలేదు. ఎవరి కేసు వారిదై, దస్తూరీ తొందరగా ఉండి, అక్కడక్కడా కొట్టివేతలు కనిపిస్తే, వారు నిజంగా బల్ల మీద కూర్చుని రాసుకున్నారు. ఎంత పెద్ద తనిఖీ బృందం వచ్చినా దీనికన్నా మంచి పరీక్ష నాకు తెలియదు.

మూడేళ్ల కోర్సులో కనీసం 12 వారాలు, ఐదేళ్ల కోర్సులో 20 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలి. ఎవరి దగ్గరికి పంపుతారో, డైరీ ఎవరు చదివి సంతకం పెడతారో అడగండి. పేదలకు ఉచిత న్యాయ సలహా ఇచ్చే న్యాయసేవా క్లినిక్ తలుపు చివరిసారి ఎప్పుడు తెరిచారో కూడా అడగండి.

సాయంత్రం_బస్సు

సుద్దముక్క గారు చెప్పిన రికార్డు పుస్తకం మా కళాశాలలో రెండు వందల రూపాయలకు రాసిన ప్రతి దొరుకుతుంది. నేనూ కొన్నాను. పైన నల్లకోటు గారి అనుభవం చదివాక, నిన్న సెలవు పెట్టి మా ఊరి అదనపు జిల్లా కోర్టులో మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. ఒక సాక్షిని ఎదుటి వకీలు క్రాస్ (ఎదురు ప్రశ్నలు) చేస్తుండగా విన్నది, నేను కొన్న ప్రతిలో ఉన్నదానికి ఎక్కడా పోలిక లేదు. నా వాదన పూర్తిగా వదులుకోవడం లేదు, ఉద్యోగస్తులకు న్యాయవిద్యలో చోటు ఉండాలి. కానీ ఇరవై రెండేళ్ల అమ్మాయికి, రోజంతా చేతిలో ఉన్న అమ్మాయికి, ఆ దారి మంచిదని ఇక చెప్పలేను.

గుంటూరు_కారంపొడి

ఇన్ని ఎందుకు? ఏదో ఒక చోట పట్టా తెచ్చుకుని, బాగా చదివి జడ్జి పరీక్ష రాసేస్తే సరిపోతుంది. కళాశాల పేరు అక్కడ ఎవరూ అడగరు.

బేర్‌యాక్ట్

ఆ దారి ఇప్పుడు మారింది. జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు దరఖాస్తు చేయాలంటే కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని సుప్రీంకోర్టు 2025 మే 20న తీర్పు ఇచ్చింది. తాత్కాలిక ఎన్‌రోల్‌మెంట్ తేదీ నుంచి ఆ మూడేళ్లను లెక్కిస్తారు. కాబట్టి న్యాయమూర్తి కావాలనుకున్నవారు కూడా ముందు న్యాయవాదిగా నిలదొక్కుకోవాలి.

ఎన్‌రోల్‌మెంట్ రుసుము పేరుతో వేలకు వేలు వసూలు చేయడం కూడా 2024 జులై 30 నాటి సుప్రీంకోర్టు తీర్పుతో చెల్లదు; చట్టంలో ఉన్నది సాధారణ అభ్యర్థులకు 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 125 రూపాయలు. ఆ తరవాత అఖిల భారత బార్ పరీక్ష, వంద ప్రశ్నలు, వ్యాఖ్యానాలు లేని బేర్ యాక్ట్ (చట్టం పాఠం మాత్రమే ఉన్న పుస్తకం) దగ్గర పెట్టుకుని రాయవచ్చు. తెలుగులోనూ రాయవచ్చు. చట్టం పుస్తకం తెరిచి సెక్షన్ వెతకడం అలవాటున్నవారికి అది భయపడాల్సిన పరీక్ష కాదు.

తొలకరి_చినుకు

అందరికీ కృతజ్ఞతలు. తెలుగు అన్న మాట వచ్చింది కాబట్టి ఒక సందేహం. నేను డిగ్రీ దాకా తెలుగు మాధ్యమంలో చదివాను. విశ్వవిద్యాలయ కళాశాలలో అంతా ఇంగ్లిషులోనే సాగితే నెగ్గుకు రాగలనా?

సుద్దముక్క

రెండూ కావాలి. రాజ్యాంగంలోని 348వ అధికరణం ప్రకారం హైకోర్టు భాష ఇంగ్లిషు. జిల్లా కోర్టులో కూడా దావా, జవాబు దావా ఎక్కువగా ఇంగ్లిషులోనే రాస్తారు. కానీ మీ కక్షిదారు తన గోడు తెలుగులో చెబుతాడు, సాక్షి తెలుగులో మాట్లాడతాడు, పాత దస్తావేజు తెలుగులోనే ఉంటుంది. ‘హద్దు’, ‘గట్టు’, ‘డొంక’ అన్న మూడు మాటల మధ్య తేడా తెలియనివారు మీ నాన్నగారి దావాను ఎంత చక్కటి ఇంగ్లిషులో రాసినా తప్పే రాస్తారు. ఆ సగం మీ దగ్గర ఇప్పటికే ఉంది. రెండో సగానికి రోజుకు ఒక తీర్పులో నాలుగు పేజీలు చదవండి, అర్థమైనది తెలుగులో ఒక పేరా రాసుకోండి. ఆరు నెలల్లో తేడా మీకే కనిపిస్తుంది. కళాశాలను ఎంచుకునేటప్పుడు తెలుగులో సందేహం అడిగితే విసుక్కోని అధ్యాపకులు ఉన్నారా అన్నది విద్యార్థులను అడగండి.

ఇంటర్_అమ్మ

మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. క్లాట్ రాయించమంటారా, ఐదేళ్ల లాసెట్ చాలంటారా?

సబ్బవరం_సీనియర్

రెండూ రాయించండి. క్లాట్ కొన్నేళ్లుగా డిసెంబరులో జరుగుతోంది. 120 ప్రశ్నలు, రెండు గంటలు, తప్పుకు పావు మార్కు కోత, మొత్తం ఇంగ్లిషులోనే, పొడవైన పేరాలు చదివి జవాబివ్వాలి. లాసెట్‌లోనూ 120 ప్రశ్నలే కానీ గంటన్నర సమయం, తప్పుకు కోత లేదు, ప్రశ్నలు తెలుగులోనూ ఉంటాయి. అబ్బాయి పత్రిక చదివే అలవాటు ఉన్నవాడైతే క్లాట్‌కు సగం సిద్ధమైనట్టే.

తొలకరి_చినుకు

సుద్దముక్క గారి మాట పట్టుకుని ఈ నాలుగు రోజుల్లో మూడు కళాశాలలకూ వెళ్లి వచ్చాను. చూసినది చెబుతాను.

మూడో కళాశాలకు ఉదయం పదకొండింటికి వెళ్లాను. తరగతి గది తాళం వేసి ఉంది. కిటికీలోంచి చూస్తే బోర్డు మీద కిందటి నెల తేదీ ఉంది. గ్రంథాలయంలో శిక్షాస్మృతి పుస్తకాలు అడిగితే పాత ఐపీసీ వరుస చూపించారు. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది కదా, ఆ పుస్తకం ఉందా అని అడిగితే, ‘తెప్పిస్తాం’ అన్నారు. రికార్డు పుస్తకాలు చూపించలేదు.

విశ్వవిద్యాలయ కళాశాల గ్రంథాలయం చూసి నాకు అక్కడే ఉండిపోవాలనిపించింది. మధ్యాహ్నం వేళ కూడా అన్ని బల్లల దగ్గరా మనుషులు ఉన్నారు. కొత్త చట్టాల మీద ఒక అధ్యాపకురాలి పాఠం వెనక కూర్చుని విన్నాను. అయితే కోర్టుకు వెళ్లాలంటే అక్కడి నుంచి రెండు బస్సులు మారాలి, ఇంటర్న్‌షిప్ ఎవరికి వారే వెతుక్కుంటారని విద్యార్థులు చెప్పారు. హాస్టలు సంగతి చేరాక గానీ తేలదు.

జిల్లా కేంద్రంలోని కళాశాల చిన్నది. రెండు అంతస్తులు, పెచ్చులూడిన గోడలు. రికార్డు పుస్తకాలు అడగ్గానే ప్రిన్సిపాల్ గారు బీరువా తెరిచి ఒక దొంతర నా ముందు పెట్టి, ‘తీరిగ్గా చూసుకోమ్మా’ అని తన పనిలో పడ్డారు. తొమ్మిది పుస్తకాలు చూశాను, తొమ్మిదీ వేర్వేరు కేసులు. ఒక అమ్మాయి పుస్తకంలో సాక్షి మూడుసార్లు ‘నాకు గుర్తులేదండి’ అన్నాడని రాసి, ఆ వాక్యం కింద గీత గీసి, పక్కన ‘మొదటి రెండుసార్లు న్యాయవాది వైపు చూశాడు, మూడోసారి తన అన్న వైపు చూశాడు’ అని రాసుకుంది. అధ్యాపకులు దాని పక్కన ఎర్ర సిరాతో ‘ఇది వాంగ్మూలంలోకి వస్తుందా?’ అని ప్రశ్న వేశారు. ఆ పేజీ నేను రెండుసార్లు చదివాను.

జిల్లా కేంద్రంలోని కళాశాలను మొదటి ఆప్షన్‌గా, విశ్వవిద్యాలయ కళాశాలను రెండోదిగా పెట్టాను.

సబ్బవరం_సీనియర్

నేనైతే వరుస మార్చి పెట్టేవాణ్ణి. ఆ గ్రంథాలయం మూడేళ్ల పాటు చేతికి అందడం చిన్న విషయం కాదు. అయినా ఎర్ర సిరాతో ఆ ప్రశ్న వేసిన అధ్యాపకుల దగ్గర చదువుకోవడం కూడా చిన్న విషయం కాదని ఒప్పుకుంటున్నాను.

నల్లకోటు_2009

ఆ పేజీ నాకు కళాశాలలో ఒక్కసారి చూపించి ఉంటే బాగుండేది. చేరాక మొదటి నెల నుంచే సాయంత్రాలు ఎవరైనా సివిల్ వకీలు గారి ఆఫీసులో కూర్చోండి. దస్త్రాలు సర్దమన్నా సర్దండి, ఏ కాగితం తరవాత ఏ కాగితం వస్తుందో చేతులకు అలవాటవుతుంది.

కొబ్బరాకు

ఒక్క మాట. రెండు ఆప్షన్లే పెడితే, రెండింటిలోనూ రాకపోతే సీటే ఉండదు. మూడోదాన్ని చివరనైనా పెట్టి ఉండాల్సింది కదా, ఇష్టం లేకపోతే చేరకుండా ఉండవచ్చు.

తొలకరి_చినుకు

ఆ రెండింటి కింద ఒంగోలు, నెల్లూరు వైపు మరో నాలుగు చేర్చాను. మూడోదాన్ని మాత్రం చివరన కూడా పెట్టలేదు. అక్కడ సీటు వస్తే, ఇంటికి దగ్గర, ఖర్చు తక్కువ, అక్కడే చేరమ్మా అని నాన్నగారు అంటారు. ఆయన అడిగితే నేను కాదనలేను.